గాషె ఆస్ఫా తాగని మూడో కప్పు

ఆస్ఫా ఒకచోట కూర్చోలేడు. ఆయనలో లోపమల్లా అదొక్కటే. వయసులో పెద్దవాడు గనక మా అందరికీ గాషె, అంటే అన్నగారు. ఉద్యోగమంతా అడిస్ అబాబా సిటీ బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టి, రిటైరయ్యాక కుర్చీని చూస్తే శత్రువును చూసినట్టు చూసేవాడు. పెళ్ళి ఫొటోలో కూడా ఆయన మోచెయ్యి ఒక్కటే పడిందంటారు.

మాకు కాఫీ అంటే మూడు కప్పులు. మూడోది దీవెన కప్పు. నా చేతి మూడో కప్పు గాషె తాగిన పాపాన పోలేదు.

"దీవెన వద్దా గాషె?"

"నా వంతు కూడా నువ్వే పుచ్చుకో తల్లీ. గేటు వేశానో లేదో!" అని మాయమయ్యేవాడు.

అలాంటాయన కరెంటు కారు కొని, ఇంట్లోనే చార్జరు పెట్టిస్తానన్నాడు. మా లోగిలిలో అన్ని వాటాలకూ ఒకటే లైను. పక్క వాటా త్సెహాయ్ అక్క గుండెల్లో రాయి పడింది. కరెంటు పెనం మీద ఇంజెరా రొట్టెలు పోసి హోటళ్ళకివ్వడమే ఆవిడ బతుకు.

"మీ కారే అంతా తాగేస్తే నా పెనానికేం మిగులుతుంది?"

"కరెంటు మేస్త్రీతో మాట్లాడాను చెల్లీ. నీ పెనానికి ఢోకా లేదు," అన్నాడు, అప్పటికే నిచ్చెన దగ్గరికి పరుగెడుతూ.

బిగించే రోజున మేస్త్రీకి చుక్కలు చూపించాడు. వాకిట్లో పెట్టమని, తీరా పెట్టబోతే ఎండ అన్నాడు. పెరట్లో పెట్టమని, వాన అన్నాడు. చివరికి త్సెహాయ్ అక్క వంటింటి గోడకి పెట్టించాడు. ఇక మార్చనని ఒట్టు వేయించుకుని గానీ మేస్త్రీ మేకు కొట్టలేదు.

చార్జరు వచ్చాక జబ్బు ముదిరింది. మొదటి కప్పు కూడా పూర్తయ్యేది కాదు. "వానొచ్చేట్టుంది!" అనేవాడు, మాడే ఎండలో. "మేక తోటలో పడింది!" అనేవాడు. మా లోగిలిలో మేకే లేదు.

ఒకరోజు నాకు పంతం వచ్చింది. ఆయన లేవబోతుంటే చొక్కా పట్టుకున్నాను. మా ఆయన భుజాలు నొక్కిపట్టాడు.

"వదలండర్రా! గేటు..."

"నేనే వేశాను. కూర్చోండి!"

"మేక..."

"లేదు!"

గోడవతల పెనం మూత చప్పుడైంది. "అయిపోయింది," అన్నాడు గాషె నీరసంగా. టప్పున కరెంటు పోయింది.

త్సెహాయ్ అక్క పిండి చెంబుతోనే పరుగెత్తుకొచ్చింది. "చార్జరు పెట్టాక ఒక్కసారీ పోలేదే, ఇవాళేమిటి?"

అందరం కారు వైపు చూశాం. వైరు తగిలించే ఉంది.

"రెండూ కలిసి నడవవని మేస్త్రీ ముందే చెప్పాడు," గాషె నసిగాడు. "పెద్ద లైనుకి అర్జీ పెట్టాను. అందాకా నీ మూత చప్పుడు వినగానే వచ్చి వైరు పీకేస్తున్నాను."

"ఒక్కమాట చెప్తే నేనే ఆగేదాన్ని కదా!"

"అందుకే చెప్పలేదు. నువ్వాగితే హోటలువాళ్ళు ఆగుతారా?"

అక్క తిట్టడానికి నోరు తెరిచి, తిట్టు దొరక్క నవ్వేసింది. నేను సిగ్గుపడి చొక్కా వదిలేశాను.

ఇప్పుడు మూడో కప్పు నేనే చార్జరు దగ్గరికి పట్టుకెళ్తున్నాను. ఒక చేత్తో వైరు, ఒక చేత్తో కప్పు పట్టుకుని గాషె నిలబడే తాగుతాడు.

"నిలబడ్డవాళ్ళకి దీవెన తగులుతుందా?" అంది అక్క గోడవతలనుంచి.

"టిక్కెట్టు తీసుకున్నాక సీటు లేకపోతే దింపేస్తారా?" అన్నాడు గాషె. ఖాళీ కప్పు నా చేతిలో పెట్టి, "తల్లీ, గేటు వేశానో లేదో," అన్నాడు.

నవ్వుకుంటూ వెళ్ళి చూశాను. నిజంగానే వెయ్యలేదు.