ఒక గోలీ, మూడు జబ్బులు

నేను రోజూ వేసుకునే గోలీ ఒకటే అయినా, కొన్నేళ్లపాటు అది మూడు జిల్లాల్లో మూడు జబ్బులకు పనిచేసింది. మహబూబాబాద్ జిల్లాలో, మరిపెడ దగ్గరున్న మా అమ్మగారింట్లో అది బలానికి. జనగామలో, అత్తగారింట్లో థైరాయిడ్‌కు. నేను ఉద్యోగం చేసే భూపాలపల్లి జిల్లా చిట్యాలలో బీపీకి. అసలు ఎందుకో తెలిసింది నాకు, మా ఆయనకు, మా అమ్మకు, హనుమకొండలోని మానసిక వైద్యుడికి, అక్కడి కౌన్సెలర్‌కు మాత్రమే.

జబ్బు మొదలైనప్పుడు దాన్నెవరూ జబ్బనుకోలేదు. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. ఒక ఏడాది ఉన్నట్టుండి నాకు నిద్రతో పని లేకుండా పోయింది. తెల్లవారకముందే బడికి వెళ్లి గోడలకు రంగులేసేదాన్ని. ఎక్కాలన్నింటికీ బాణీలు కట్టాను. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడిలో చేర్పించాను. మాట్లాడటం మొదలుపెడితే ఆపడం నా వల్ల అయ్యేది కాదు. మండలంలో పెద్దలంతా కలిసి నాకు ఉత్తమ ఉపాధ్యాయురాలని శాలువా కప్పారు. కొన్ని వారాలకు అదే శాలువా కప్పుకుని మంచంలో పడుకున్నాను, లేవలేకపోయాను. తల దువ్వుకోవడం కూడా నా శక్తికి మించిన పనైంది. అప్పుడు మాత్రం అందరూ నన్ను బద్ధకస్తురాలన్నారు. జబ్బు పైకి లేచినప్పుడు సన్మానం, కిందికి పడినప్పుడు చీవాట్లు.

రెండూ ఒకే జబ్బని హనుమకొండ డాక్టర్ చెప్పాడు. దాని పేరు బైపోలార్. లిథియం అనే మందు రాసి, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలని, తనను అడక్కుండా వేరే మందేదీ వేసుకోవద్దని, తనను అడక్కుండా ఇది మానేయొద్దని చెప్పాడు. ఆ తర్వాత పక్క గదిలోని కౌన్సెలర్ దగ్గరికి పంపాడు. ఆమెది ఇంచుమించు నా వయసే. ఉపన్యాసం వినడానికి సిద్ధపడి వెళ్లాను. ఆమె నాకు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. నిద్ర ఎప్పుడు తగ్గింది, తగ్గినప్పుడు ముందుగా ఏ పని మీదికి మనసు పోతుంది అని నాతోనే చెప్పించింది. నా జబ్బు రాకను నేనే ముందుగా పసిగట్టడం అక్కడే నేర్చుకున్నాను.

ఇక గోలీకి పేర్లు పెట్టడం. మొదటి పేరు మా అమ్మ పెట్టింది.

"పిచ్చి గోలీలంటరు బిడ్డా. బలం గోలీలని చెప్తె ఎవ్వలేమంటరు?"

రెండోది మా ఆయన. ఆయనకు జనగామలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. "మా అమ్మకు నీది థైరాయిడ్ గోలీ అని చెప్పిన. మన వాడకట్టుల సగంమందికి గదే ఉన్నది. ఎవ్వలడుగరు" అన్నాడు.

మూడోది ఎవరూ పెట్టలేదు, దానంతటదే వచ్చింది. చిట్యాలలో నేను అద్దెకున్న ఇంటావిడ పెద్ద వయసు ముస్లిం స్త్రీ. పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచేదాన్ని. వారమంతా ఆమె చేతివంటే తినేదాన్ని. ఒకరోజు నా గోలీలు చూసి "బీపీనా బేటీ?" అంది. నేను తల ఊపాను.

అబద్ధపు జబ్బులకు కూడా పథ్యం ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. మా అమ్మ బలానికని నువ్వుల లడ్డూలు పంపేది. మా అత్తమ్మ థైరాయిడ్‌కు మంచిది కాదని ఇంట్లోకి క్యాబేజీ రానివ్వలేదు. ఖాలా బీపీ ఉన్న మనిషికి ఉప్పు విషమని నా కూర విడిగా, ఉప్పు లేకుండా వండేది. ఆ శ్రమ చూస్తే, చప్పగా ఉందని అనడానికి నోరొచ్చేది కాదు.

ఎండలు ముదిరిన రోజుల్లో బడి దగ్గర కంకరలో స్కూటీ జారి మోకాలు వాచింది. ఖాలా నన్ను ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన అడగాల్సిందే అడిగాడు.

"ఇంకేమన్న గోలీలు ఏసుకుంటున్నరా మేడం?"

నేను నోరు తెరిచేలోపే ఖాలా అందుకుంది. "బీపీది ఉన్నది డాక్టర్‌సాబ్."

ఆయన నొప్పి గోలీలు ఇచ్చాడు. మోకాలు తగ్గింది. చేతులు మొదలయ్యాయి. బోర్డు మీద రాస్తుంటే అక్షరాలు వణికేవి. సుద్దముక్క జారిపోయేది. తర్వాత వాంతులు, విరేచనాలు. నడుస్తుంటే కాలు ఒకచోట వేయబోతే ఇంకోచోట పడేది. మాట ముద్దముద్దగా వచ్చేది.

ముగ్గురూ వెంటనే రోగం కనిపెట్టారు. "నీరసం బిడ్డా, లడ్డూలు తింటున్నవా లేదా?" అని మరిపెడ నుంచి అమ్మ ఫోన్. "థైరాయిడ్ పెరిగినట్టున్నది" అని జనగామ నుంచి అత్తమ్మ. "లూ తగిలింది, జర మజ్జిగ తాగు" అని ఖాలా వడదెబ్బకు విరుగుడుగా గ్లాసు నోటి దగ్గర పెట్టింది. దాంట్లోనూ ఉప్పు లేదు.

మా ఆయన కారు మాట్లాడుకుని వచ్చాడు. నా మాట విని భయపడి, జనగామకు కాకుండా తిన్నగా హనుమకొండకు పోనిచ్చాడు. డాక్టర్ రక్తం తీయించి, వచ్చిన ఫలితం చూసి వెంటనే ఆసుపత్రిలో చేర్పించాడు. లిథియం ఒంట్లో మితిమీరి పేరుకుపోయింది. నొప్పి గోలీలు దాన్ని బయటికి పోనివ్వలేదు. ఉప్పు లేని తిండి, ఎండ, వాంతులు దానికి తోడయ్యాయి. ఇంకాస్త ఆలస్యమైతే మూత్రపిండాలకు, మెదడుకు ముప్పు అన్నాడు.

తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "మీరేం చేస్తారు?"

"పురుగుమందుల దుకాణం సార్."

"ఒక మందు కొట్టిన చేనుకు ఇంకో మందు కావాలని రైతు వస్తే?"

"ముందుగాల ఏం కొట్టిండో అడుగుత సార్. చెప్పకుంటె ఇయ్య" అన్నాడు మా ఆయన, చాలా నమ్మకంగా. అన్నాక ఆయనకే అర్థమై తల దించుకున్నాడు.

సెలైన్ ఎక్కుతుంటే, ఇక ఈ గోలీయే వద్దని ఏడ్చాను. "ఇప్పటికి నేనే ఆపాను. మళ్లీ ఎప్పుడు, ఎంత అనేది నేను చూస్తాను. నాకు అన్నీ చెప్పడం మీ పని" అన్నాడు డాక్టర్. రక్తంలో లెక్క సరిగ్గా వచ్చాక తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాడు.

కౌన్సెలర్ నన్ను తప్పుపట్టలేదు. చెబితే ఏమవుతుందని భయమో అడిగింది. ఆ భయాలన్నీ పైకి చెప్పించింది. చివరికి, "ఊరందరికీ చెప్పక్కర్లేదు. మీకు వండిపెట్టేవాళ్లకు, మందిచ్చేవాళ్లకు, పడిపోతే పట్టుకునేవాళ్లకు చెప్పండి" అంది. ఏ మాటతో మొదలుపెట్టాలో ఇద్దరం కలిసి అక్కడే అనుకున్నాం.

అత్తమ్మకు చెప్పాను.

"అయితె థైరాయిడ్ లేనే లేదా?"

"లేదు అత్తమ్మా."

"నీకోసమని నేను గూడ క్యాబేజీ ఇడిసిపెడితి గదనే!"

నా మనసు జబ్బుకంటే ఆమెకు అదే పెద్ద మోసంగా తోచింది. కోపం తగ్గాక మెల్లగా అసలు ప్రశ్న అడిగింది. "పిల్లలకు గిట్ల వస్తదా?" రావచ్చు, రాకపోవచ్చు, వస్తే మందుందని చెప్పాను. అప్పటి నుంచి రోజూ పొద్దున ఫోన్ చేసి, నిద్ర పట్టిందా అని పోలీసులా అడుగుతుంది.

ఖాలా తన వంటే నన్ను చంపబోయిందని గుండెలు బాదుకుంది. ఆ పరేషాన్‌లో ఎవరికీ చెప్పొద్దన్న నా మాట మరిచిపోయి, వాడంతా తిరిగి చెప్పింది. చిట్యాలకు తెలిసిపోయింది. నేను ఏళ్లుగా భయపడిన రోజు వచ్చింది. వచ్చి, పెద్దగా ఏమీ చేయకుండా వెళ్లింది. ఇద్దరు ఆడవాళ్లు చాటుగా డాక్టర్ అడ్రస్ అడిగారు. ఒక తండ్రి వచ్చి తన కూతుర్ని వేరే సెక్షన్‌కు మార్చమన్నాడు. మా బడిలో వేరే సెక్షన్ లేదు. పాప ఇప్పటికీ నా ముందు బెంచీలోనే కూర్చుంటుంది.

అందరికంటే మా అమ్మే మొండికేసింది. మందు సంగతి సరే, కౌన్సెలింగ్ ఎందుకని ఆమె అనుమానం. "ఊకె మాట్లాడితె రోగం పోతదా? నేనొస్త. నా బిడ్డకు ఆమె ఏం నూరిపోస్తున్నదో చూస్త" అని మరిపెడ నుంచి వచ్చి నాతో బయల్దేరింది. నేను సరేనన్నాక కౌన్సెలర్ ఆమెను కూడా లోపల కూర్చోబెట్టి, అమ్మాయి చిన్నప్పుడు ఎట్లా ఉండేదని అడిగింది.

అమ్మ నా గురించి మొదలుపెట్టి తన గురించి చెప్పుకుపోయింది. నన్ను కన్నాక నెలల తరబడి తనకు లేవబుద్ధి కాలేదట. నన్ను ఎత్తుకోవాలనిపించలేదట. పని దొంగ అని తిట్టి పచ్చి బాలింతను వరినాటుకు తోలారట. ఇన్నేళ్లలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నా సమయం అంతా ఆమే వాడుకుంది. నేను ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను.

బయటికి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆమెకేం పని లేదా, గంతసేపు ఇంటది?" అని విసుక్కుంది. మరిపెడ బస్సులో చాలాదూరం కిటికీలోంచి చూస్తూ కూర్చుని, తొర్రూరు దాటాక నా వైపు తిరగకుండానే అడిగింది.

"మల్లెప్పుడు రమ్మన్నది?"