సత్యం పాఠం చెప్పిన వారం

ఎర్రగుంట్లకు రెండు మైళ్ల దూరంలో ఉన్న మా పేటలో బి.ఏ. చదివినవాడిని నేనొక్కడినే. అందువల్ల ఏ పనికి మనిషి దొరక్కపోయినా నన్నే పిలిచేవాళ్లు. ఉత్తరాలు చదవడం, అర్జీలు రాయడం, గొడ్డు మేత మానేస్తే వచ్చి చూడడం. చివరికి ఆత్మల్ని చక్కబెట్టే పని కూడా నా మీదే పడింది. పాస్టరుగారు నెలకొకసారి సైకిలు మీద వచ్చేవారు. తక్కిన ఆదివారాలు ఆరాధన అయ్యాక ఎనిమిది మందిని కూర్చోబెట్టుకొని, వాళ్లు మంచి గుణాల్లో ఎదిగేటట్టు చూడమని నాకు అప్పగించారు. నా గుణాల సంగతి ఆయన అడగలేదు. డిగ్రీ చూసి నమ్మారు.

నేనప్పుడు బోర్డు స్కూల్లో టీచరుని. యాభైల నడిమి రోజులు. చదువుకున్నవాడికి తన మీద తనకు గట్టి నమ్మకం ఉండే వయసు. వాక్యం చదివి వివరిస్తే చాలదని, నేనొక పద్ధతి పెట్టాను. వారానికొక గుణం. ఈ ఆదివారం విన్నదాన్ని వారంలో ఏదో ఒక పనిగా చేసి, వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పాలి.

మొదటివారం ఓపిక. తరువాతి ఆదివారం ఒకాయన లేచి, ఆరు రోజులుగా పెండ్లాన్ని ఒక్కమాట అనలేదని సాక్ష్యం చెప్పాడు. పక్కనే కూర్చున్న ఆ పెండ్లాం తల కూడా ఎత్తకుండా, "ఆరు దినాలూ ఊర్లోనే లేడు అయివారా, కమలాపురంలో పనికి పోయినాడు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పద్ధతి బాగా పనిచేస్తోందని అనుకున్నాను.

ఆ ఎనిమిది మందిలో ఒకామె నాకు వరసకు చిన్నమ్మ. మొగుడు పోయాడు. నాపరాళ్ల గనిలో రాళ్లు మోసేది. బయట నన్ను "అబ్బోడా" అని పిలిచేది, ఆదివారం కూటంలో మాత్రం పంతులన్న మర్యాదతో "అయివారా" అనేది. నేను చెప్పే ప్రతి మాటా, నేను నిజంగా అనుకునే చెబుతున్నానన్నట్టు వినేది. అట్లా వినేవాళ్లుంటే చెప్పేవాడికి కాస్త ఇబ్బందే.

ఆమెకు ఒక్కతే కూతురు. ఎనిమిదో తరగతి పాసయింది. కడపలో టీచరు ట్రైనింగుకు అర్జీ పెట్టుకుంటోంది. ఆ సీటొస్తే హాస్టలూ, తిండీ, చదువూ అన్నీ సర్కారువే. రెండేండ్లకు ఉద్యోగం. రాకపోతే గని. మూడో దారి ఆ ఇంటికి లేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ సీటు హరిజనులకిచ్చేది, అంటే హిందూ హరిజనులకు. ఏసును నమ్మినవాడికి ఆ కులం పోయినట్టేనని కాగితం మీద రూలు. టీ అంగట్లో మాత్రం ఆ రూలు తెలియదు, మా గ్లాసులు ఎప్పటిలాగే వేరేగా బోర్లించి ఉండేవి. అందుకని మా పేటలో చదువుకునే ప్రతి బిడ్డకూ రెండు పేర్లు. బాప్తిస్మం పేరు గుడికి, పాత పేరు బడికి. ఇది తప్పని ఎవరూ అనుకోలేదు. వానొస్తే గొడుగు పట్టుకున్నంత మామూలు. నేను అనంతపురంలో బి.ఏ. దాకా చదివిందీ, బోర్డు స్కూల్లో ఉద్యోగం చేస్తున్నదీ ఆ పాత పేరుతోనే. ఆదివారం పొద్దున క్రైస్తవుణ్ణి, సోమవారం నుంచి శనివారం దాకా రిజిస్టరు ప్రకారం హిందువుని.

మూడోవారం సత్యం గురించి చెప్పాను. బాగా చెప్పాను. అవునంటే అవును, కాదంటే కాదు, ఆ రెండింటి మధ్యా సందు లేదని, చిన్న అబద్ధానికి పెద్ద అబద్ధానికి దేవుని ముందు తేడా లేదని చెప్పాను. కొన్ని మాటలకు నాకే ఒళ్లు జలదరించింది.

మరుసటి ఆదివారం చిన్నమ్మ లేచి నిలబడింది.

"నేనొకటి చేసినా అయివారా. మా పాప అర్జీలో మతం కాడ హిందువని రాసినారు. నేను బడికి పోయి, అది కొట్టేసి మాది ఏసు మతమని రాయమన్న్యా. పెద్దయివారు, ఏందమ్మా ఇన్నేండ్లూ ఒకటి రాయించి ఇప్పుడింకోటి అంటావు అన్న్యాడు. దొంగమాట ఇంగ వద్దు సామీ అన్న్యా. ఏలిముద్ర ఏసొచ్చినా."

ఎవరో "స్తోత్రం" అన్నారు. ఆమె కూర్చోలేదు.

"అట్ల రాస్తే ఏమైతాదో మీ అయివారిని అడిగి రాపో అన్న్యాడు. కాగితం బుధవారం దాకా ఆయన కాడే ఉంటాదంట, వద్దంటే మార్చేస్తాడంట. ఏమైతాది అయివారా?"

ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాడు ఆ జిల్లాలో ఉండడు. సీటు పోతుంది. ఆ రెండు మాటలే చెప్పాల్సింది. చెబితే, నీకెట్లా తెలుసని ఎవరో ఒకరు అడుగుతారు. ముందు వారమే సత్యానికి సందు లేదన్న నేను, ఏ సందులోంచి వచ్చానో చెప్పాల్సి వస్తుంది. ఎనిమిది మంది నావైపు చూస్తున్నారు.

"దేవుడు చూసుకుంటాడు చిన్నమ్మా" అన్నాను.

ఆమె కూర్చుంది. సోమవారం పోయి చెబుదామనుకున్నాను. సోమవారం స్కూల్లో పని ఉంది. మంగళవారం పని లేదు, కానీ పోలేదు. బుధవారం కాగితం కడపకు పోయింది.

జాబితా వచ్చినప్పుడు ఆ పిల్ల పేరు లేదు. హెడ్మాస్టరు పెద్దయివారు కనుక్కుంటే, హరిజన సీటుకు అర్హత లేదన్నారట. మిగతా సీట్లు అప్పటికే నిండిపోయాయట. పిల్ల ఒకరోజంతా ఇంట్లోంచి బయటికి రాలేదట. మూడోరోజు తల్లి వెనకాల గనికి పోయింది.

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి పోయాను. చిన్నమ్మ వాకిట్లో చాట పట్టుకొని జొన్నలు చెరుగుతోంది. నేను కూర్చొని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, నా సర్టిఫికెట్లలో నేను హిందువునని చెప్పాను. ఇంగ్లీషులో డిగ్రీ తీసుకున్నవాడిని, నాలుగు మాటలు చెప్పడానికి అంతసేపు పట్టింది.

ఆమె చాట ఆపలేదు.

"తెలుసులే అబ్బోడా. పేటకంతా ఎరికే. నిన్ను బడిలో చేర్చినప్పుడు మీ నాయన ఎంబడి నేనే వచ్చినా."

"తెలిసీ ఎట్ల చేసినావు మరి?"

"తెలిసే గదా నిన్ను అడిగితి." చాటలోంచి ఒక రాయి ఏరి పక్కకు పారేసింది. "ఆ దారిలో నడిచొచ్చినోనివి. ఏమైతాదో నీకు తెలుస్తాది. ఏమన్నా అయ్యేటట్టుంటే వద్దంటాడులే అనుకుంటి. నువ్వు దేవుడు చూసుకుంటాడు అంటివి. సరే, తెలిసినోడు చెప్తాండాడు, భయం లేదేమో అనుకుంటి."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు జవాబు చెప్పడం నాకు వచ్చు.

"తప్పయింది చిన్నమ్మా."

"జొన్నరొట్టె చేస్తాండా, తిని పో" అంది.

తిన్నాను. వద్దని లేచిపోవడానికి కూడా ధైర్యం కావాలి.

నేను కడపకు రెండుసార్లు పోయాను. ఒక గుమాస్తా నా మాట ఓపిగ్గా విని, స్వయంగా రాయించుకున్నదాన్ని ఎట్లా మారుస్తామండీ, ఆ తల్లి నిజమే కదా రాయించింది అన్నాడు. తరువాతి ఏడు చూద్దామని చిన్నమ్మతో చెప్పాను. ఆమె సరేనంది. తరువాతి ఏడు వచ్చేసరికి పిల్లకు పెండ్లి కుదిరింది.

కూటం నడుస్తూనే ఉంది. చిన్నమ్మ ఏ ఆదివారమూ మానలేదు. పద్ధతి మాత్రం నేను మానేశాను. ఎందుకు మానేశానని ఒక్కరూ అడగలేదు. పేటకంతా ఎరికే కదా. నా రిజిస్టరులో మతం మార్పించుకోనూ లేదు. మార్పిస్తే ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. ఈసారి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

పెండ్లికి ముందు ఒకసారి ఆ పిల్లతో మాట్లాడాలని గనికి పోయాను. మధ్యాహ్నం ఎండ. కింద గుంతలోంచి ఆడవాళ్లు వరసగా గంపల్లో రాళ్ల ముక్కలు ఎత్తుకొని పైకొస్తున్నారు. నేను దారికి అడ్డంగా నిలబడి, చెప్పాల్సింది మనసులో కూడబలుక్కుంటున్నాను. పిల్ల నా ముందుకొచ్చి ఆగింది. నెత్తి మీది గంపకు మెడ బిగబట్టి ఉంది. నా వైపు కోపంగా కూడా చూడలేదు.

"కొంచెం జరగండి సార్, రాయి తగుల్తాది" అంది.

జరిగాను.