టెంట్ హౌస్‌కు డేటాబేసా, పనుల బోర్డా?

ఎల్బీనగర్‌లో నేను పనిచేసే టెంట్ హౌస్‌లో షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిస్తాం. ఏ ఫంక్షన్‌కు ఏం పంపాలో అంతా యజమానురాలి జ్ఞాపకంలోనే ఉండేది. ఆమెను మేమందరం అక్క అంటాం. ఫోన్లు ఎక్కువై ఆ జ్ఞాపకం తడబడటం మొదలయ్యాక, "ఏదన్న సాఫ్ట్‌వేర్ సూడు తమ్మీ, పుస్తకాలు సదువుతవ్ గద" అంది నాతో.

చదువుతాను. నాకు డిగ్రీ లేదు కానీ, దిల్‌సుఖ్‌నగర్ లైబ్రరీలో కంప్యూటర్ పుస్తకాల బీరువాలో నేను తెరవని పుస్తకం లేదు. ఇంగ్లిష్ మాట అడ్డొస్తే పక్కన నిఘంటువు ఉండేది. అలా చదివినవాటిలో నాకు బాగా నచ్చింది డేటాబేస్. ఏ సామాను ఎంత ఉంది, ఇప్పుడెక్కడుంది అన్నది గడుల్లో నింపి పెడితే ఎప్పుడైనా, ఏ ఫోన్లోంచైనా అడగొచ్చు. క్లౌడ్ అంటే ఆ గడులు మన దగ్గర కాకుండా ఎక్కడో కిరాయి యంత్రంలో ఉండటం. మాదీ కిరాయి వ్యాపారమే కనుక అక్కకు ఆ ముక్క వెంటనే అర్థమైంది.

మా టెంట్ హౌస్ పై వాటాలో ఉండే గుంటూరు సాఫ్ట్‌వేర్ ఆయన మాత్రం ఒప్పుకోలేదు.

"మీకు డేటాబేస్ ఎందుకండీ? ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ తీసుకోండి. ఒక్కో ఫంక్షన్‌కీ ఒక్కో కార్డు. చెయ్యాల్సినవి ఎడంపక్క, అయిపోయినవి కుడిపక్క. వేలితో జరిపేస్తే సరి. మా ఆఫీసులో అదే."

"మీ ఆఫీసుల కుర్చీలు కిరాయికిస్తరా సార్?" అంది అక్క.

"ఎప్పుడు లాగేస్తారో తెలీని కుర్చీలండీ మావి."

రెండింటినీ కొన్నాళ్లు ఉచితంగా వాడి చూసే వీలుంది. పక్కపక్కనే నడిపాం. బోర్డు అందరికీ నచ్చేసింది. షామియానా వేసొచ్చి కార్డును కుడిపక్కకు నెడితే స్నానం చేసినంత హాయి. డేటాబేస్‌లో గడులు నింపడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

అప్పుడొచ్చింది మన్సూరాబాద్ పెళ్లి విందు. పెళ్లికూతురి తండ్రి ఆటో నడుపుతాడు, సొంతూరు నల్గొండ దగ్గర. చర్చిలో పెళ్లి, సాయంత్రం కాలనీలో భోజనాలు. ఎర్ర మెత్తల కుర్చీలే కావాలని ముందే చెప్పాడు. బోర్డులో కార్డు ఉంది. డేటాబేస్‌లో ఎర్ర కుర్చీల ఎదురుగా "గోదాం" అని ఉంది. మధ్యాహ్నం గోదాం షట్టర్ ఎత్తితే ఖాళీ నేల కనిపించింది.

"అక్కా, ఎర్ర కుర్చీలేవి?"

"మలక్‌పేట పోయినయ్. పొద్దుగాల సావు కబురొచ్చింది."

"జర నాకు చెప్పొద్దా? రాసుకునేటోణ్ణి గద."

"సావింటికి పోయే సామాను ఎవలన్న రాస్తరా?"

నిజమే, రాయరు. మా దగ్గర అదొక కట్టుబాటు. చావింటి నుంచి అడ్వాన్స్ తీసుకోం, ఏ లెక్కలోనూ ఎక్కించం, ఎప్పుడు తిరిగిస్తారని అడగం. రాస్తే ఆ ఇంటికి మళ్లీ అదే అవసరం పడుతుందని భయం. మధ్యాహ్నానికి వచ్చేస్తాయని అక్క అనుకుంది. కానీ ఆ ఇంటి పెద్దల్లుడు మహారాష్ట్రలోని భివండి నుంచి రావాలట, అప్పటిదాకా శవాన్ని ఎత్తరట.

అంతలో పెళ్లికూతురి తండ్రి ఫోన్.

"అన్నా, కుర్చీలు ఎల్లినయా? మా ఊరోళ్లు బస్సు మాట్లాడుకొని ఒస్తున్రు. పట్నంల పెండ్లికి పిలిచి నిలవెట్టి తినవెడితే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"ఒస్తున్నయ్ అన్నా" అన్నాను. ఎక్కణ్ణుంచో నాకే తెలియదు.

కబురు విని కిందికొచ్చిన గుంటూరాయన, "మలక్‌పేటకి ఓ ఫోన్ కొట్టి అడగండి, పోనీ" అన్నాడు.

"ఏడుస్తున్నోళ్లను లేపి కుర్చీలు గుంజుకరమ్మంటవా సార్?" అంది అక్క.

నేను డేటాబేస్‌ను ఒకటే అడిగాను: గోదాంలో లేని కుర్చీలేవి? ఒక వరుస వచ్చింది. తెల్ల కుర్చీలు, అబ్దుల్లాపూర్‌మెట్, ముందురోజు శ్రీమంతం. బోర్డులో ఆ కార్డు ఎప్పుడో కుడిపక్కకు చేరిపోయింది. షామియానా వేశాం, పని అయిపోయింది. సామాను వెనక్కి తేవడానికి ఎవరూ కార్డు పెట్టలేదు.

ట్రాలీ ఆటో హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్‌కు పరుగెత్తింది. తెల్ల కుర్చీలు ఎక్కించుకుని అది మన్సూరాబాద్ చేరేసరికి ఊరివాళ్ల బస్సు అప్పుడే ఆగుతోంది. గుంటూరాయన కూడా చొక్కా చేతులు మడిచి కుర్చీలు దించాడు. పెళ్లికూతురి తండ్రి వాటిని చూసి, "ఎర్రయి అంటి గద" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు భుజం మీది తువ్వాలతో ఒక కుర్చీ తుడిచి, బస్సు దిగిన పెద్దమనిషిని చేయిపట్టి కూర్చోబెట్టాడు. "సరే తియ్. మావోళ్లంత తెల్లబట్టలే. జోడీ కలిసింది."

ఆ వారమే బోర్డు మానేశాం. అది చెడ్డదేం కాదు. ఇల్లు కట్టి తాళంచెవులిచ్చి పోయేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. మాకు పని అయ్యాకే సామాను మీద బెంగ మొదలవుతుంది.

మరి మలక్‌పేట లాంటివి? అక్కనే అడిగాను.

"పేరు రాయకు, ఇల్లు రాయకు. బయట అని రాయి, సాలు."

ఇప్పుడు కొన్నిసార్లు పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఏవో కుర్చీల ఎదురుగా "బయట" అని ఉంటుంది. అక్క తన చేత్తో టైపు చేసిందే. ఎవరని అడగను. ఆ కుర్చీలను ఆ రోజుకు ఇంకెవరికీ మాటివ్వను.