సాక్ష్యం మేస్త్రి

పొయ్యిలు బాగుచేసే మేస్త్రిని ఆ వీధుల్లో ఎవరూ పొయ్యిల మేస్త్రి అనరు, సాక్ష్యం మేస్త్రి అంటారు. బర్నరు మూసుకుపోయినా, కుక్కరులో ఆవిరి పక్కనుంచి కారిపోతున్నా, "ఆ సాక్ష్యాన్ని ఓసారి పిలవండి" అనేస్తారు. మనిషి మంచి పనివాడే. కుక్కరు మూత రబ్బరు వేళ్లతో నొక్కి చూసి, ఇంకెన్నాళ్లు పనికొస్తుందో చెప్పేస్తాడు. కానీ పనితనం ఎవడిక్కావాలి? చావబోయి చావకపోవడం వల్ల వచ్చిన పేరు అది.

భార్య జబ్బుచేసి చనిపోయిన ఏడాది ఆయన గదికి లోపల గడియ పెట్టుకుని ప్రాణం తీసుకోబోయాడు. ఎందుకు, ఏమిటి అని ఆరా తీసేవాళ్లకు లోకంలో ఏ కాలంలోనూ కొదవలేదు. పెళ్లాం పోయిన ప్రతివాడూ ఇలాగే చేస్తాడా అని వీధి మలుపులో నిలబడి తీర్పులు చెప్పిన పెద్దమనుషులూ ఉన్నారు. పక్కమీద పడుకున్న సొంతమనిషి ఎందుకు నిద్రపోవడం లేదో తెలియదు గానీ, ఊళ్లోవాళ్ల గుండెల్లో ఏముందో వీళ్లకు కొట్టినపిండి! సరే, పోనివ్వండి. మేస్త్రి బతికాడు. ఎలా బతికాడన్నదానికే రెండు కథలున్నాయి.

మందిరంలో మేస్త్రి చేత సాక్ష్యంగా చెప్పించే కథ ఇది. చివరి ఘడియలో మేస్త్రి "ప్రభువా!" అని పిలిచాడు. గదంతా వెలుగు నిండింది. "కుమారుడా, లే" అని స్వరం వినిపించింది. గడియ దానంతటదే ఊడిపడింది. పాస్టరుగారు దీనికి ఉప్పూ కారం దట్టించి, ఏడాదికో కొత్త తాళింపు వేసి, ఈమధ్య తలుపు దగ్గర ఒక తెల్లని వస్త్రం కూడా కనబడేట్టు చేశారు.

జరిగింది ఇది. ఆ పొద్దున మేస్త్రి కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. తిప్పింది తిప్పినట్టే వదిలేశాడు. మధ్యాహ్నం నీళ్లొచ్చాయి. తొట్టి నిండి, గది నిండి, కప్పు పగుళ్లలోంచి కింది వాటాలోకి కారాయి. అక్కడ ఇస్త్రీ చేసే పిన్ని ఉంటుంది. ఆవిడ మడతపెట్టి పేర్చుకున్న తెల్లచొక్కాల మీద నీళ్లు ధారకట్టాయి. పిన్ని నోటి ముందు ఆ వీధి కుక్కలు కూడా నిలబడవు. మెట్లెక్కి వచ్చి తలుపు బాదింది.

"ఒరేయ్ దరిద్రుడా! నీ కొంప మునిగితే మునిగింది, నా చొక్కాలేం చేశాయిరా నిన్ను?"

జవాబు రాకపోయేసరికి ఒళ్లు మండి, భుజం పెట్టి ఒక్క తోపు తోసింది. గడియ ఊడింది. లోపలి సంగతి చూసింది. అప్పుడైనా తిట్లు ఆపిందా అంటే, లేదు. తిడుతూనే మనిషిని పట్టుకుంది, తిడుతూనే నలుగుర్నీ కేకేసింది, తిడుతూనే ఆస్పత్రిదాకా వెంట వెళ్లింది. ఆ తిట్లలో ఒక్కటీ మందిరంలో చెప్పదగ్గది కాదు గనక ఆవిడ సాక్ష్యంలోంచి జారిపోయింది.

మేస్త్రి ఎవర్నీ పిలవలేదు. దేవుణ్ణీ పిలవలేదు, పిన్నినీ పిలవలేదు.

మరి ఈ పిలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆస్పత్రి మంచం దగ్గర నుంచి. పాస్టరుగారు వచ్చి, తలమీద చెయ్యి పెట్టి, "చివరి క్షణంలో ప్రభువును తలుచుకున్నావు కదూ?" అన్నారు. మేస్త్రికి నోరు పిడచకట్టుకుపోయి ఉంది. కాదని చెప్పాలంటే మాట కావాలి, అవునంటే తల చాలు. తల ఊపాడు. ఆ ఊపుడు పట్టుకుని పాస్టరుగారు కట్టిన మేడ ఇది. మేస్త్రి మాత్రం తక్కువ తిన్నాడా? సంఘంలో ప్రతి ఇంటి పొయ్యీ ఆయన చేతికొచ్చింది. ముందువరసలో కుర్చీ వచ్చింది. వెనకటికి పెళ్లాం పోయిన ఏడాది తలుపు తట్టని పెద్దలందరూ ఇప్పుడు "సహోదరుడా" అని కావలించుకోవడం మొదలెట్టారు. సిగ్గులేని మొహం, దానికీ అలవాటుపడింది.

పిన్ని ఒకసారి కుతూహలం కొద్దీ మందిరానికి వెళ్లి సాక్ష్యమంతా విని వచ్చింది. "ఒరేయ్, ఆ వెలుగంటే నేనేనట్రా?" అని పడీపడీ నవ్వింది. "నా మొగుడు బతికినన్నాళ్లూ నన్ను ఒక్కసారి కూడా ఆ మాట అన్న పాపాన పోలేదు."

ఇలాగే గడిచిపోయేది. కానీ ఆ సంఘంలో రొట్టెల అక్క ఉంది. చిన్న బేకరీ నడుపుతుంది. మందిరంలో అందరూ పంచుకుని తినే ప్రభువు బల్ల రొట్టె ఆవిడ పొయ్యిలోంచే వెళ్లేది. ఆవిడకు ఒక్కడే కొడుకు, కాలేజీలో చదువుతున్నాడు. వాడు కిందటి నెల తన గదిలో ప్రాణం తీసుకున్నాడు. వాడి కిందివాటాలో ఏ పిన్నీ లేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు గబగబా ప్రార్థన ముగించారు. మళ్లీ లేస్తాడన్న నిరీక్షణ మాట లేదు, పరలోకం మాట లేదు. "తీర్పు దేవునిది" అన్నారు, ఆ తీర్పు కాగితం మీద తానే సంతకం చేసి వచ్చినట్టు. తర్వాతి ఆదివారం బల్ల రొట్టె కోసం ఎవరూ బేకరీకి రాలేదు. వద్దని ఒక్కరూ చెప్పలేదు, ఊరికే రాలేదు. ఎదురుగా చెప్పే దమ్ము ఉంటే వాళ్లు పెద్దలెందుకవుతారు? పాపం పిండికి కూడా అంటుతుందని ఏ దేవుడు చెవిలో చెప్పాడో వీళ్లకి! ఆ ఆదివారమే ప్రసంగంలో పాస్టరుగారు, "మన మేస్త్రి పిలిచాడు, రక్షించబడ్డాడు. పిలవనివాడి సంగతి..." అని ఆగి, అక్క కూర్చున్న వరసవైపు చూసి నిట్టూర్చారు. మాటతో చంపేవాళ్లను చూశాం గానీ, నిట్టూర్పుతో చంపడం పాస్టరుగారికే చెల్లింది.

వారం తిరక్కుండా బేకరీ పొయ్యి మంట ఒకపక్కే రావడం మొదలైంది. మేస్త్రికి కబురొచ్చింది. ఆయన వెళ్లి, గ్యాసు కట్టేసి, బర్నరు ఊడదీసి, నేలమీద గోనెపట్టా పరుచుకుని, సన్నటి తీగతో కన్నాలు ఒక్కొక్కటే పొడుస్తూ కూర్చున్నాడు. అక్క బల్లమీద పిండి పిసుకుతోంది. పిసుకుతూనే అడిగింది.

"తమ్ముడూ, ఒకటి అడుగుతాను. తప్పుగా అనుకోకు."

"అయ్యో, అడగక్కా."

"ఆ రోజు నువ్వు ప్రభువును పిలిచావు కదా. గట్టిగా పిలిచావా, మనసులోనా?"

మేస్త్రి చేతిలో తీగ ఆగిపోయింది.

"ఎందుకంటే, వాడి గది ఇదిగో, ఈ గోడ అవతలే. అప్పుడు నేను ఇక్కడే పిండి కలుపుతున్నాను. గట్టిగా పిలిచుంటే నాకు వినబడేది. వినబడలేదు. మనసులో పిలిస్తే చెల్లుతుందా?"

"ఏమో అక్కా."

"చిన్నప్పుడు కంచం ముందు కూర్చుంటే ప్రార్థన వాడే చేసేవాడు. పిలవడం రానివాడు కాదు. నీకు తట్టింది వాడికెందుకు తట్టలేదంటావ్? నేనేమన్నా తక్కువ నేర్పానా?"

"పాస్టరుగారిని అడగలేకపోయావా అక్కా?"

"అడిగాను. నీ సాక్ష్యం ఇంకోసారి శ్రద్ధగా వినమన్నారు."

మేస్త్రి తల వంచుకుని మిగతా కన్నాలు పొడిచాడు. బర్నరు బిగించాడు, మంట చుట్టూ సమంగా వచ్చింది, "బాగుంది కదక్కా" అన్నాడు, పారిపోయాడు. ఛీ, మగాడి బతుకు! తాను బతకడానికి ఒక అబద్ధం ఆడాడనుకుంటే ఏదో సరిపెట్టుకోవచ్చు. ఆ అబద్ధం వెళ్లి చచ్చిపోయిన కుర్రవాణ్ణి దోషిని చేస్తుందని, కన్నతల్లి పెంపకాన్ని నిలదీస్తుందని ఆయనకు ఆ రోజుదాకా తట్టలేదు.

నేరుగా పాస్టరుగారి గదికి వెళ్లాడు. ఆయన ఫ్యాను కింద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నారు.

"అయ్యగారూ, నేనింక సాక్ష్యం చెప్పనండి. నిజానికి నేను పిలవలేదండి."

పాస్టరుగారు ఉలిక్కిపడలేదు. "నీకు గుర్తులేదేమో. నీ ఆత్మ పిలిచి ఉంటుంది."

"అయితే ఆ అబ్బాయి ఆత్మ కూడా పిలిచి ఉంటుంది కదండీ?"

"అది వేరు మేస్త్రీ. ప్రాణం తనదనుకుని తీసుకున్నవాడికి పశ్చాత్తాపపడే వ్యవధి ఎక్కడుంది? పశ్చాత్తాపం లేనిదే క్షమాపణ ఎక్కడుంది?" గోళ్లకత్తెర మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ భయం ఉండబట్టే ఎంతోమంది ఆగుతున్నారయ్యా. వాళ్లకూ క్షమాపణ ఉందంటే రేపు ఎవరాగుతారు? అది ఆలోచించావా?"

ఇందులో పిసరంత నిజం లేకపోలేదు, ఒళ్లు మండించేదీ అదే. మేస్త్రి బయటికొచ్చాడు. మెట్లు దిగాక తట్టింది. ఆ గదిలో గడియ పెట్టుకున్నప్పుడు తనకు నరకం గుర్తే రాలేదు. ఎవరైనా తలుపు తడితే బాగుండునని మాత్రం చాలాసేపు అనుకున్నాడు. భయం ఆపలేదు. తిట్టుకుంటూ వచ్చిన మనిషి ఆపింది.

ఆదివారం మందిరం నిండింది. విశ్వాసం రగిలించే ఉజ్జీవ కూటాలని పక్క సంఘాలవాళ్లనూ పోగుచేశారు. పాట అయ్యాక పాస్టరుగారు మైకు అందించారు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. అలవాటుగా, "నేను ఘోరపాపిని" అన్నాడు. అలవాటుగానే జనం "స్తోత్రం" అన్నారు. అక్క నాలుగోవరసలో కొంగు బిగించి పట్టుకుని ఒక్కమాటా పోనీయకుండా వింటోంది. శ్రద్ధగా వినమన్నారు కదా మరి.

"నేను పిలవలేదు" అన్నాడు మేస్త్రి.

"స్తోత్రం" అన్నారు నలుగురైదుగురు, వినకుండానే.

"స్తోత్రం కాదండీ, వినండి. నేను ప్రభువును పిలవలేదు. వెలుగు లేదు, స్వరం లేదు. కుళాయి కట్టడం మర్చిపోయాను. కింద ఇస్త్రీ పిన్ని చొక్కాలు తడిశాయని తిట్టడానికి వచ్చి తలుపు విరగ్గొట్టింది. అంతే. కుళాయి కట్టేసి ఉంటే నేనూ పోయేవాణ్ణి. మరి కుళాయి మర్చిపోయినందుకు నాకు పరలోకం, కట్టేసినందుకు ఇంకొకడికి నరకమా? తన పక్కసిలువ మీద వేలాడే దొంగని ఉన్నపాటున పరలోకంలోకి రానిచ్చిన ప్రభువు అలా చేస్తాడా? ఏమో, నాకు తెలీదు. అయ్యగారికీ తెలీదు. తెలిసినట్టు చెబుతున్నాం, అంతే."

సంఘపెద్ద ఒకడు మేస్త్రి చొక్కా అంచు పట్టి లాగాడు. పాస్టరుగారు మైకు లాక్కుని, "సహోదరుడు సైతాను శోధనలో ఉన్నాడు, ఒక కీర్తన పాడదాం" అన్నారు. పాపం, వాళ్లకు తెలిసిన వైద్యం అదొక్కటే. పాట మొదలైంది.

అక్క లేచింది. వరసలోంచి బయటికొచ్చి ముందుకు నడిచింది. ఆవిడను చూసి పాట ముందువరసల్లో ఆగింది, తర్వాత వెనకవరసల్లో ఆగింది. మేస్త్రి ఎదురుగా నిలబడింది.

"పిలవలేదా?"

"లేదక్కా."

"మనసులో కూడా?"

"మనసులో కూడా. ఆస్పత్రిలో అయ్యగారు అడిగితే తల ఊపాను, అంతే."

అక్క పాస్టరువైపు తిరిగింది. "పిలవనివాణ్ణి దేవుడు వదల్లేదు. నా కొడుకుని వదిలేశాడని మీకెవరు చెప్పారు?"

పాస్టరుగారు ఏదో వాక్యం కోసం బైబిలు తిరగేశారు.

"నన్ను క్షమించక్కా" అన్నాడు మేస్త్రి.

ఏడు డెబ్బైల సార్లు క్షమించాలని వారం వారం వింటున్న జనం కదా, అందరూ అక్క మొహంలోకి ఆశగా చూశారు. ఆవిడ క్షమించేస్తే ఇంటికెళ్లి భోజనాలు చేయొచ్చు.

"ఇవాళ నావల్ల కాదు తమ్ముడూ" అంది అక్క. "ఇంకోరోజు వచ్చి అడుగు. వాడు ఎక్కడున్నాడో అన్న భయంతోనే ఈ నెలంతా సరిపోయింది. వాడు లేడని ఇంతవరకూ ఏడవనేలేదు. ముందు నన్ను ఏడవనీ."

అక్కడే మెట్టుమీద కూలబడి, కొడుకుని పేరుపెట్టి పిలిచి, గొంతెత్తి ఏడ్చింది.