తోటికోడళ్ళ టీము

తొంభై ఎనిమిదిలో చోడవరం దుర్గాదేవికి సబ్బుల కంపెనీ పిచ్చి పట్టింది. అనకాపల్లి మీటింగులో టై కట్టుకున్న సారొకాయన బోర్డు మీద సున్నాలు గీసి, పై సున్నాలో మీరు, కింద మీరు చేర్చినవాళ్ళు, వాళ్ళ కింద వాళ్ళు చేర్చినవాళ్ళు, వాళ్ళంతా కొన్న సరుకు మీద మీకు కమీషను అని చెప్పాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఆవిడ ఇంటింటికీ తిరిగింది. పాలు పోసే మనిషిని కూడా వదల్లేదు.

మొదట చేరింది తోటికోడలు సన్యాసమ్మ. ఇంటికి పెద్దకోడలు. గోవాడ పంచదార ఫేక్టరీలో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఆవిడ మాటంటే గురి. ఆవిడే చేరిందని తెలిసి మిగతావాళ్ళూ చేరారు. దుర్గాదేవి సంబరపడిపోయి ఓ పెద్ద చార్టు మీద సున్నాలు గీసి, అందరి పేర్లూ రాసి తనింటి గోడకి అంటించి, అందరినీ మీటింగుకి పిలిచింది. పైన తన పేరు, దాని కింద సన్యాసమ్మ పేరు.

అక్కడే కొంప మునిగింది. మీటింగుకొచ్చిన సన్యాసమ్మ అందరి ముందూ అది చదివింది.

"నీకు కాపరం నేర్పిన మనిషిని. నన్ను నీ కింద రాసేవేటే?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ నవ్వింది వీధి. అది ఇంకా మంట. సన్యాసమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మీటింగుకి ఒక్కరూ రాలేదు.

దుర్గాదేవి సారుకి ఫోను చేస్తే, అలాంటివాళ్ళని వదిలేసి కొత్తవాళ్ళని వెతుక్కోమన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. పెళ్ళయి వచ్చినప్పటినుంచి అమ్మ లేని లోటు తెలియనివ్వని మనిషిని వదిలెయ్యడమా! తిన్నగా సన్యాసమ్మ వంటింట్లోకి వెళ్ళి పీట వాల్చుకుని కూర్చుంది.

"తప్పైపోయిందక్కా. నువ్వు రాకపోతే నాకా సబ్బులూ ఒద్దు."

సన్యాసమ్మ చేటెడు బియ్యంలోనూ రాళ్ళేరింది. చివరికి, "మీటింగు మా ఇంట్లో ఎట్టు. మాట నేనాడతాను" అంది.

ఆవిడ మీటింగుల్లో సారు చెప్పే మేడల, కార్ల ఊసు లేదు. ముందు నెల్లాళ్ళు ఆ సబ్బు మీరే వాడి చూడండి, నచ్చకపోతే మానెయ్యండి అనేది. ఒంటరిగా అమ్మడానికి సిగ్గుపడేవాళ్ళకి తోడు కుదిర్చి కె.కోటపాడు బస్సెక్కించేది. ఎవరింట్లో జబ్బు చేసినా మిగతావాళ్ళ చేత క్యారేజీలు పంపించేది. టీము నెమ్మదిగా పెరిగింది. చేరినవాళ్ళు మాత్రం పోలేదు.

మరుసటేడు అనకాపల్లిలో, టీము పెంచినందుకు దుర్గాదేవికి బ్యాడ్జీ ఇచ్చారు. ఎవరు చేర్చారో, అంటే ఎవరు పైనున్నారో వాళ్ళే వచ్చి పెట్టడం కంపెనీ ఆనవాయితీ. సారు ఎవరినో పిలవబోతుంటే దుర్గాదేవి మైకు అందుకుంది.

"నా పైనున్నది మా అక్క సార్. ఆవిడే పెట్టాల."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. సన్యాసమ్మ కళ్ళు తుడుచుకుంటూ స్టేజి ఎక్కి, చెల్లెలి పమిట సర్ది, పిన్ను గుచ్చింది.

"కదలకు, గుచ్చుకుంటాది" అంది.