మావ తోటలో పందిబాంబులు, నా హెచ్చరిక బోర్డు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, లోకంలో ఏ మూల అన్యాయం జరిగినా దాన్ని ఖండించే బాధ్యత టెక్కలిలో బి.ఏ. చివరి ఏడాది చదువుతున్న నా ఒక్కడి మీదే ఉందని గట్టి నమ్మకం. (ఇంట్లో జరిగేవి నా పరిధిలోకి వచ్చేవి కావు.) మందుపాతరల్ని నిషేధిస్తూ చాలా దేశాలు ఒప్పందం రాసుకున్నాయని పేపర్లో వచ్చింది. దాంతో మా లెక్చరర్లు "యుద్ధంలోనూ వాడకూడని ఆయుధాలు" అని వక్తృత్వ పోటీ పెట్టారు. "సైనికుడికీ పసిపిల్లకీ తేడా తెలియని ఆయుధాన్ని ఏ చట్టమూ క్షమించదు" అనే వాక్యం దగ్గర గొంతు ఎలా వణికించాలో సాధన చేసుకుంటూ, పోటీకి ముందురోజు ఆదివారం జలంత్రకోట దగ్గర మా మావ ఇంట్లో దిగాను.

మావకి జీడితోట ఉంది. మధ్యలో పనసచెట్లు. ఆ ఏడు అడవిపందులు ఒక్క పనసపండునీ మిగల్చడం లేదని, మావ పందిబాంబులు తెప్పించి చెట్ల కింద పెట్టించాడు. పంది కొరికినా, గట్టి దెబ్బ తగిలినా పేలే నాటు ఉండలవి. కొరికేది పందే అయి ఉండాలని వాటికేం నియమం లేదు. నేను ఆవేశంగా లేచి, "మావా, ఇవీ మందుపాతరల్లాంటివే. అంతర్జాతీయ చట్టం ఒప్పుకోదు" అన్నాను. "నానే దేశంతో యుద్ధం సేత్తన్నానేటిరా? పందుల్తోనే గదా! ఆటిసేత ఒప్పందం రాయించుకుని రా అల్లుడా, నాను సంతకం ఎట్టేత్తాను" అన్నాడు మావ.

నా వీరత్వం అక్కడితో సరి. అవి తీయించేదాకా ముద్ద ముట్టనని అనలేదు. అత్త వడ్డించిన చేపలపులుసు రెండుసార్లు వేయించుకుని మరీ తిన్నాను. తిన్నాక మధ్యేమార్గం ఒకటి చెప్పాను. ఇలాంటివి పెట్టినచోట జనానికి ముందుగా హెచ్చరిక ఉండాలని చట్టం చెబుతుంది కాబట్టి బోర్డు పెడదామన్నాను. అట్టముక్క మీద నేనే రాశాను: "ఈ ఆవరణమందు విస్ఫోటక పదార్థములు నిక్షిప్తమై యున్నవి. ప్రవేశము నిషిద్ధము." పుర్రెబొమ్మ కూడా వెయ్యమంది అత్త. బొమ్మ వేస్తే నా భాషకి గౌరవం తగ్గుతుందని వెయ్యలేదు. తోటలో జీడిపిక్కలు ఏరేవాళ్లకి మాట చెప్పి రమ్మని మనిషిని పంపబోతున్న మావ, "బోర్డెట్టేం గదా, మల్లీ సెప్పడమెందుకు?" అని మానుకున్నాడు. ఆ మాట నా చెవిన పడింది. నేను గర్వపడ్డాను కూడా.

సాయంత్రం అరుగు మీద, మావ పక్కనే నిలబడి ఉపన్యాసం అప్పజెప్పుకుంటున్నాను. పిక్కలు ఏరే గంపక్క (పెద్ద గంప మోస్తుందని అందరూ పెట్టిన పేరు) ఆరేళ్ల కూతురితో వచ్చింది. ఏరేవాళ్లు రాగానే గంప అరుగు మీద బోర్లిస్తారు, అక్కడే కుంచంతో కొలుస్తారు. గంపక్క తల మీది గంప చేతుల్లోకి దించి, అలవాటుగా ఒక పక్కకి వంచుతూ అంది: "తోటలో ఇయ్యేటో ఉండలు దొరికాయి బాబూ, మీయేనేటో సూడండి. పిల్ల బంతాటాడతంటే లాక్కుని గంపలో ఏసేసేను."

మావ అరుగు మీంచి దూకాడు. నేను అంతకంటే ముందే దూకాను. (ఎవరు ముందన్న విషయంలో మావకీ నాకూ ఇప్పటికీ తగువే.) ఇద్దరం నూతిగట్టు వెనక నక్కి "వంచకు! వంచకు!" అని అరిచాం. వంచిన గంప వంచినట్టే పట్టుకుని ఆవిడ బిగుసుకుపోయింది. అత్త ఒక్కతే నడిచి వెళ్లింది. పిల్లని దూరంగా పంపేసి, తనూ ఒక చెయ్యి వేసి, గంపని మెల్లగా నేలకి దింపించింది.

ప్రాణం కుదుటపడ్డాక మావకి నోరు లేచింది. "బోర్డు కనపళ్లేదేటే నీకు?"

"కనపడింది బాబూ," అంది గంపక్క. గొంతు వణకలేదు. "సదువొత్తే మీ తోటలో పిక్కలెందుకేరతాను? నోరుంది గదా మీకు, ఒక్క మాట సెప్పలేకపోనారేటి? పందికెట్టిన సావు నా పిల్ల సేతిలో ఉందియ్యాల!"

ఆ బోర్డు రాసిందెవరో ఆవిడకి తెలీదు. నేను చెప్పలేదు. ఆవిడ మళ్లీ మా తోటలో అడుగు పెట్టలేదు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. మావ మీద సగమే. ఆయనకి తెలిసింది పందులూ పనసపళ్లూ. చట్టం తెలిసినవాణ్ని నేను. తెలిసి, తీసి పారెయ్యమని పట్టుబట్టకుండా, అట్టముక్క మీద గ్రాంథికం రాసి చేతులు దులుపుకున్నవాణ్ని.

మర్నాడు టెక్కలిలో నా గొంతు అనుకున్నచోటే వణికింది. కంబోడియా పేరు చెప్పాను. అంగోలా పేరు చెప్పాను. పొలాల్లో ఆడుకోబోయి కాళ్లు పోగొట్టుకున్న అక్కడి పిల్లల గురించి చెప్పాను. జలంత్రకోట పేరు చెప్పలేదు. చప్పట్లు మోగాయి, మొదటి బహుమతి ఇచ్చారు. ఫొటో ఇప్పటికీ ఉంది. అరువు కోటులో మునిగిపోయి, కప్పు పట్టుకుని ఇకిలిస్తున్న ఆ కుర్రాణ్ని చూస్తే ముందు చెంప పగలగొట్టాలనిపిస్తుంది. కాసేపు చూశాక నవ్వొస్తుంది. ప్రపంచ దేశాలన్నింటినీ మందలించి వచ్చిన ఆ వీరుడికి, పాపం, సొంత మావంటే భయం.