ఎకో వద్దన్న మాస్టారు

మాస్టారు పోయారని మా డ్రమ్మరు ఫోన్ చేసి చెప్పాడు. ఆఫీసులో అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీశాను. ఆటోనగర్‌లో వాడి షాపు పక్కన ఎవరో రేకు కొడుతున్నారు, ఆ మోతలో మాట సరిగా అందక "ఎవరూ?" అని రెట్టించాను. "మన మాస్టారే. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నారంట. మళ్లీ లేవలేదంట," అన్నాడు. డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మొన్న మొన్ననే బీసెంట్ రోడ్డులో ఎదురుపడి, "గొంతెలా ఉంది తల్లీ?" అని అడిగిన మనిషి. నేనెలా ఉన్నానని ఆయన ఏనాడూ అడగలేదు. ఎప్పుడు కనపడినా గొంతు గురించే.

మాస్టారంటే బళ్లో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ మందుల షాపు మేడమీద ఆయనకు రెండు గదుల రికార్డింగు స్టూడియో ఉండేది. గోడలకు పాత పరుపులూ బొంతలూ కొట్టి, పైన గోనెపట్టా బిగించారు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని పాడేటప్పుడు ఆపేసేవారు, కాబట్టి ఎండాకాలం అక్కడ పాట పాడటమంటే ఆవిరి పట్టుకోవడమే. చుట్టుపక్కల ఊళ్ల అమ్మవారి పాటలు, చర్చి పాటలు, దర్గా ఖవ్వాలీలు, ఎన్నికల పాటలు అన్నీ ఆ గదిలోనే క్యాసెట్టుకు ఎక్కేవి. ఆయన మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చి, మాల వేసుకున్న కుర్రాళ్ల చేత భజన పాటలు పాడించేవారు. శ్రుతి తప్పితే, "అమ్మవారు క్షమిస్తుందేమో గానీ నేను క్షమించనయ్యా," అని మళ్లీ మొదటికి తెచ్చేవారు.

ఆ రోజుల్లో మా వైపు మైకు పట్టుకున్న ప్రతివాడూ అడిగే మొదటి మాట "ఎకో పెట్టండి" అని. ఎకో ఉంటే మాట చివర సాగి సాగి మళ్లీ మళ్లీ వినబడుతుంది, ఎంత బక్క గొంతయినా నిండుగా ఉంటుంది. మాస్టారు కూడా అడిగినవాళ్లకు కాదనకుండా ధారాళంగా పోసేవారు. ఇవ్వనిది నాకొక్కదానికే.

తొంభైలు ముగిసే వేళ మేం నలుగురం రాక్ బ్యాండ్ పెట్టాం. మా పక్కింటి పిన్నిగారు సంగతి విని, పెళ్లికొడుకు కారుకు ముందు నడుస్తారా వెనక నడుస్తారా అని అడిగింది. సినిమా పాటలు వాయించం, మా పాటలే వాయిస్తాం అంటే, ఆవిడ జాలిగా చూసి అప్పడాలు ఎండబెట్టుకోవడానికి వెళ్లిపోయింది. కరెంటు కోత మీదా, ఆఖరి సిటీ బస్సు మీదా, బందరు కాలవ మీదా పాటలు కట్టుకున్నాం. వాటిని మేమే ఒక క్యాసెట్టుగా తెద్దామని మాస్టారి మెట్లెక్కాం.

మా గిటారిస్టు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మాట తొందర మనిషి. రాసేది మనం, వాయించేది మనం, బటన్లు నొక్కే ఆయనకి ఈ పెత్తనం దేనికని వాడి గోల. వాడొకటి మీద ఒకటి గిటార్లు పేర్చి రికార్డు చేస్తే మాస్టారు ఒకటి ఉంచి మిగతావి ఆపేశారు. పాట తేలిగ్గా ఊపిరి తీసుకున్నట్టు మాకు వినపడుతూనే ఉంది గానీ ఒప్పుకోవడానికి పౌరుషం అడ్డొచ్చింది. "తీసేస్తే ఎవరూ వెతకనిదాన్ని ఉంచడం దేనికి?" అనేవారు. డ్రమ్ము మీద తువ్వాలు మడిచి వేయించారు. ఒక పాటను నెమ్మది చేయించారు, ఇంకోదానికి మొదటి చరణమే ఎత్తేశారు. గిటారిస్టు ఉండబట్టలేక, ఇంతకీ ఇది మా పాటా మీ పాటా అని అడిగేశాడు.

"పాట మీదే బాబూ. అది కాపరం ఉండే ఇల్లు మాత్రం నేను కట్టాలి," అన్నారు మాస్టారు.

అలాగని ఆయన చేసిందల్లా ఒప్పని కాదు. మూడో పాటలో కీబోర్డు మీద షెహనాయి పెట్టించారు. ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ పాట ఇప్పుడు వింటే నిజంగానే పెళ్లికొడుకు కారు ముందు నడుస్తున్నట్టుంటుంది. చాలా ఏళ్ల తర్వాత ఆయనే ఒకసారి విని, "ఆ పూట నాకేం పట్టిందో," అని చెవులు మూసుకున్నారు.

వినేటప్పుడు ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుని, మా అందరికీ వీపు పెట్టి కూర్చునేవారు. మా ముఖాలు చూస్తే ఆయన చెవులు మొహమాటపడతాయట. ఆ వీపు చూస్తూ కూర్చోవడం పరీక్ష ఫలితాల కోసం చూడటంకన్నా కష్టంగా ఉండేది, మరీ ముఖ్యంగా నాకు.

నాది జీర గొంతు. చిన్నప్పుడు సంగీతం చెప్పిన టీచరుగారు మా అమ్మను పక్కకు పిలిచి, పిల్లకు వీణ అయితే నప్పుతుందండీ అని మర్యాదగా చెప్పింది. కాలేజీ పోటీల్లో పాడితే జలుబు చేసిందా అని అడిగేవారు. అందుకని జీర తెలియకుండా ఉండటానికి గట్టిగా అరిచి పాడటం అలవాటు చేసుకున్నాను. ఈ క్యాసెట్టులో కూడా నా గొంతు బాగోలేదంటే ఇక జన్మలో పాడకూడదని, బుద్ధిగా బ్యాంకు పరీక్షలకు చదువుకోవాలని నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

రికార్డు చేసిన నా గొంతును మాస్టారు మొదటిసారి వినిపించినప్పుడు నాకు ప్రాణం పోయింది. పక్కగదిలో ఎవరో దగ్గుతున్నట్టుంది. ఎకో పెట్టండి మాస్టారూ అన్నాను. పెట్టనన్నారు. బతిమాలాను. ఊరందరికీ పోస్తారు, నాకు చుక్క వేస్తే ఏం పోతుందని దెబ్బలాడాను.

"వాళ్లు దేవుడికి పాడుతున్నారు తల్లీ, దూరం కదా. నువ్వు పక్కన కూర్చున్న మనిషికి పాడుతున్నావు. పక్కవాడితో మాట్లాడటానికి ఎకో దేనికి?" అన్నారు.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మెట్లు దిగి ఇంటికొచ్చేశాను. మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. వచ్చి బుజ్జగిస్తారనుకున్నాను, రాలేదు. డ్రమ్మరు చేత కబురు పంపారు. డ్రమ్ములు రికార్డు చేయడానికి ఆదివారం పామర్రు వెళ్తున్నామని, అక్కడ తన స్నేహితుడి రైస్ మిల్లు గోడౌనులో మిషను ఎకో కాదు, దేవుడిచ్చిన ఎకో ఉందని, కావాలంటే రమ్మని. ఆ ఒక్క మాటకు నా రోషం కరిగిపోయింది. అందరికన్నా ముందు వ్యాను ఎక్కి కూర్చున్నది నేనే.

పాత ధాన్యం చాలావరకు మరాడించడం అయిపోయి, కొత్త ధాన్యం ఇంకా రాని రోజులవి. గోడౌను సగం ఖాళీ. చప్పట్లు కొడితే కప్పు దాకా వెళ్లి తిరిగొస్తోంది. మాస్టారు చెప్పులు బయట విడిచి, మూలమూలకూ వెళ్లి చప్పట్లు కొట్టి వింటూ తిరిగారు. డ్రమ్ములు ఒకచోట పెట్టించి, హమాలీలను పిలిచి, వెనక రెండు వరసలు బస్తాలు వేయమన్నారు. డ్రమ్ము కొడితే మోత దిగింది. పక్క వరస తీయించారు, మోత విచ్చుకుంది. బస్తా జరిగినప్పుడల్లా అదే డ్రమ్ము, అదే కర్ర, వేరే చప్పుడు. మా గిటారిస్టు కాసేపు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత వాడే చొక్కా విప్పి బస్తా కింద భుజం పెట్టాడు. ఆ రోజు నుంచి బటన్ల మాట ఎత్తలేదు.

నా వంతు వచ్చింది. కాలవ మీది పాట. ఎకో బాగా పలికే చోటు వెతుక్కుని, గోడౌను నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాను. మాస్టారు హమాలీలకు సైగ చేశారు. వాళ్లు నా చుట్టూ బస్తాలు పేర్చడం మొదలెట్టారు. ఒక పక్క, రెండో పక్క, తలెత్తు వరకూ. చివరికి మైకు వైరు దూరేంత సందు మిగిలింది. అప్పటికి గానీ నాకు వెలగలేదు.

"ఇది మోసం మాస్టారూ," అన్నాను లోపల్నుంచి.

"మోసమే తల్లీ. ఒక్కసారి పాడు. నచ్చకపోతే ఈ బస్తాలన్నీ నేనే మోసి అవతల పడేస్తాను."

లోపల ధాన్యం వాసన, దుమ్ము, మెడమీద దురద. అలవాటుగా గొంతెత్తి అరిచాను. అరిచింది అరిచినట్టే బస్తాల్లోకి ఇంకిపోయింది. ఎంత గట్టిగా అరిచినా ఏమీ తిరిగి రాలేదు. అలసిపోయి, ఎవరూ వినడం లేదులే అని, గొంతు తగ్గించి మళ్లీ మొదటినుంచి పాడాను. అప్పుడు నా ఊపిరి నాకు వినపడింది. జీర వచ్చింది, దాన్ని తోసేయలేదు. పక్కన ఎవరో కూర్చుంటే వాళ్లతో చెప్పుకుంటున్నట్టు పాట చివరిదాకా చెప్పుకున్నాను. పైన దూలాల మీద పిచ్చుకలు ఒకటే గొడవ.

బయటకు వచ్చి చూస్తే, గుమ్మం దగ్గర బీడీలు కాలుస్తూ కబుర్లాడుకుంటున్న హమాలీలు లోపలికి వచ్చి, నా బస్తాల గోడకు చేరబడి కూర్చుని ఉన్నారు. వాళ్లలో పెద్దాయన, "ఇంకోసారి పాడమ్మా, మొదట్లో సరిగ్గా వినలా," అన్నాడు. అంతకుముందు ఎవరూ నన్ను మళ్లీ పాడమనలేదు. నాకు ఏడుపొచ్చింది.

మాస్టారు హెడ్‌ఫోన్ తీసి మెళ్లో వేసుకుని, "గట్టిగా పాడితే జనం వెనక్కి వాలతారు. మెల్లగా పాడితే ముందుకు జరుగుతారు. చూశావుగా," అన్నారు. ఇంకోసారి పాడాను. మొదటిదే ఉంచారు. పిచ్చుకల గోల పడింది, అవి లేకుండా మళ్లీ తీద్దామని గిటారిస్టు అంటే, "గోడౌను వాటిది బాబూ. మనమే చుట్టాలం," అని కొట్టిపారేశారు.

క్యాసెట్టు పూర్తయ్యాక ఆటోనగర్ తీసుకెళ్లి ఒక లారీ క్యాబిన్లో ఇరుక్కుని కూర్చుని విన్నాం. ఇంజను ఆడుతుండగా మాట తెలిస్తే పాట బతుకుతుందని ఆయన లెక్క. కాలవ పాట వచ్చేసరికి డ్రైవరు ఇంజను ఆపేసి వినడం మొదలెట్టాడు. మా మాస్టారు ఆయన మీద విసుక్కున్నారు, టెస్టంతా పాడుచేశావయ్యా అని.

ఆ క్యాసెట్టుతో మాకేమీ పేరు రాలేదు. బ్యాండులో ఎవరి ఉద్యోగాలు వాళ్లకు వచ్చాయి. బ్యాంకు పరీక్ష రాసి నేనూ ఉద్యోగస్తురాలినయ్యాను, కానీ పాట మానలేదు. స్నేహితుల ఇళ్లలో, చిన్న చిన్న సభల్లో ఇప్పటికీ పాడతాను. ఇప్పుడు ఎవరూ జలుబు చేసిందా అని అడగరు. అడిగినా నాకేమీ కాదు. దానికి ఆ మనిషికి నేను ఏనాడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు, చెప్పబోతే ఆయన షెహనాయి సంగతి ఎత్తి నవ్వించేసేవారు.

వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి భార్య, ఆంటీగారు, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి ఆయన కుర్చీ చూపించారు. గోడవైపు తిరిగే ఉంది. ఇంట్లో రేడియో పెట్టినా అలాగే కూర్చునేవారట. భర్త పోయాక గడప దాటకూడని ఇద్దత్ రోజులు కాబట్టి తాను సంతాప సభకు రాలేనని, అక్కడ ఆ మిల్లులో పాడిన కాలవ పాట పాడమని అడిగారు.

ఊళ్లో ఆర్కెస్ట్రావాళ్లంతా కలిసి గవర్నర్‌పేటలో ఒక హాల్లో సంతాప సభ పెట్టారు. నన్ను పిలిచారు. మైకు ముందు నమస్కారం అన్నాను. నమస్కారం హాలంతా తిరిగి మళ్లీ మళ్లీ నా దగ్గరికే వచ్చింది. మైకు అబ్బాయి గౌరవంగా ఉంటుందని ఎకో బాగా పెంచినట్టున్నాడు. తీసేయమన్నాను. "తీసేస్తే బోసిగా ఉంటది మేడమ్," అన్నాడు. బోసిగానే ఉండనివ్వమన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా, నిండు సభలో ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు.

మా డ్రమ్మరు పక్కన నిలబడి తొడమీద మెల్లగా తాళం వేశాడు. నేను కళ్లు మూసుకుని, వడ్ల బస్తాల మధ్య పాడినట్టే తగ్గించి పాడాను. వెనక వరసలకు వినపడటం లేదని నాకు తెలుస్తూనే ఉంది. గొంతు పెంచాలని ఒకటే ఆరాటం. పెంచలేదు. రెండో చరణంలో ఎక్కడో వెనక ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గచ్చుమీద ఈడ్చిన చప్పుడు. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసంతా. కళ్లు తెరవలేదు, పాట ఆపలేదు. కుర్చీలు జరుగుతూనే ఉన్నాయి, ముందుకు, ఇంకా ముందుకు. దీన్ని ఎవరైనా రికార్డు చేస్తుంటే, మాస్టారు ఆ చప్పుడు తీసేయనిచ్చేవారు కాదు.